అన్నం ఉడికేలోపు

సోమవారం మధ్యాహ్నం లెక్చరర్ మేడమ్ కట్టలోంచి ఒక కాగితం బయటికి లాగగానే అది తనదేనని టైలరమ్మకి తెలిసిపోయింది. కింది మూలన నీలం సుద్ద మరక ఉంది. గుడ్డ మీద కొలత గుర్తులు పెట్టే సుద్ద అది. ఎంత కడిగినా ఆమె వేళ్ళకి కాస్త మిగిలే ఉంటుంది.

మొదటి సంవత్సరం విద్యార్థులకి సమయపాలన నేర్పాలని ఆ యేడు యూనివర్సిటీవాళ్ళు నిశ్చయించుకున్నారు. వారమంతా ఏ గంట ఏం చేశారో ప్రతివాళ్ళూ ప్రతి శుక్రవారం ఒక కాగితం మీద రాసివ్వాలి. అరవై మంది ఇచ్చారు. అందులో యాభై తొమ్మిది మంది ఇరవై యేళ్ళలోపు వాళ్ళు. అరవయ్యో మనిషికి నలభై మూడు. పొద్దున్న కుట్టు దుకాణం, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్ళీ కుట్టు దుకాణం. వీధిలో ఆమెని టైలరమ్మ అంటారు, క్లాసులో ఆంటీ అంటారు. ఈ రెండింటిలో తను ఏదో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

"పేరు చెప్పను," అంది మేడమ్. "ఒక వారం చేతుల్లోంచి ఎలా జారిపోతుందో మీకు తెలియాలని చదువుతున్నాను. మంగళవారం. చదువు, అన్నం ఉడికేలోపు ఇరవై నిమిషాలు. బస్సులో పావుగంట, సీటు దొరికితే. బుధవారం. కాలర్లు కుడుతూ పాఠం మనసులో ఒకసారి. గురువారం. కాజాలు ఎక్కువ, చదువు లేదు."

గుండీల కాజాల మాట దగ్గర వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీ తర్వాత బెంచీ దాటి ముందుకి వచ్చింది. ఎవరూ ఆమెవైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ పడుతున్న అవస్థ మాత్రం ఆమెకి బాగా కనిపించింది. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

మేడమ్ ఇంకో కాగితం ఎత్తి పట్టుకుంది. గంటలన్నీ గళ్ళుగళ్ళుగా, సబ్జెక్టుకో రంగు చొప్పున, పెళ్ళిచీర అంచులా మెరిసిపోతోంది. చదువు ముప్ఫై నాలుగు గంటలు. "ఇదీ వారమంటే. కనీసం ముప్ఫై గంటలు చదువుకి ఇవ్వలేనివాళ్ళు ఈ కోర్సు తమకి కుదురుతుందో లేదో ఒకసారి ఆలోచించుకోండి. మీ మంచికే చెబుతున్నాను."

అది ఎవరిదో కూడా చెప్పక్కర్లేదు. పన్నెండు రంగుల పెన్నులు జేబులో పెట్టుకు తిరిగే కుర్రాడు క్లాసులో ఒక్కడే. అందరూ అతన్ని రంగులబ్బాయి అంటారు. చెవులు ఎర్రబడిపోయి బల్లకేసి చూస్తున్నాడు. ఎంత సిగ్గరో పాపం, అనుకుంది టైలరమ్మ.

గంట కొట్టాక వరండాలో ఆ రంగులబ్బాయే ఆమె కోసం ఆగాడు. పక్కనే వాలీబాల్ ఆడే పొడుగమ్మాయి ఉంది. వీళ్ళు ముగ్గురూ ఒక జట్టు. పేటలో మంచినీళ్ళు ఎవరికి ఎంతసేపు అందుతున్నాయో నలభై ఇళ్ళు అడిగి, శుక్రవారం పదకొండింటికి నివేదిక ఇచ్చి క్లాసులో మాట్లాడాలి. ఇళ్ళు అడగడం ఎప్పుడో అయింది. నలభైలో ఇరవై రెండు ఇళ్ళు టైలరమ్మ అడిగినవే. ఆ పేటలో ఆమె కొలతలు తీసుకోని మనిషి తక్కువ.

"ఆంటీ, మీకసలే తీరిక ఉండదు కదా," అన్నాడు రంగులబ్బాయి. "మీరు అట్ట మీద పేర్లు రాయండి, చాలు. మిగతాది నా చార్టు ప్రకారం మేం చూసుకుంటాం."

మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే వేలికి సూదిలా దిగింది.

"అలాగే బాబూ," అంది ఆమె.

*

మంగళవారం ఆమె బడిపిల్లల చొక్కాలు కోసింది. అరవై చొక్కాలు శుక్రవారం తొమ్మిదికల్లా ఇవ్వాలి. గుడ్డని పది మడతలు వేసి, పైన కొలత అట్ట పెట్టి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపున కోస్తుంటే బల్ల కొయ్య కరకరమంది. ముందు భాగాలన్నీ ఒక దొంతర, వీపులు ఒక దొంతర, చేతులు ఒక దొంతర. ఏ దొంతరకాదొంతర గుడ్డపీలికతో కట్టి పక్కన పెట్టింది.

గుమ్మం దగ్గర కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. డెబ్భై యేళ్ళు దాటినా సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడకి కళ్ళద్దాలు అక్కర్లేదు, ఎక్కించానని అందరికీ చెప్పడానికి మొహమాటమూ లేదు. దుకాణంలో గుండీల పని ఆవిడది. వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే పని కూడా ఆవిడే తీసుకుంది, ఎవరూ ఇవ్వకుండానే.

"చొక్కాకి ఏడు. అరవై చొక్కాలకి నాలుగు వందల ఇరవై గుండీలు," అంది. "లెక్క చూస్తేనే మోసంలా ఉంది."

కోడలు నవ్వలేదు. అత్తగారు సూది ఆపింది.

"నిన్నటినుంచి చూస్తున్నా. క్లాసులో ఏం జరిగింది?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే కత్తెర అంత గట్టిగా చప్పుడు చెయ్యదు."

టైలరమ్మ అంతా చెప్పింది. చెప్పి, చెప్పనిది ఒకటి మనసులోనే ఉంచుకుంది. సాయంత్రం అత్తగారు కునుకు తీస్తుండగా ఆ ఉంచుకున్నదాన్ని ఒక తెల్లకాగితం మీద రాసింది. గౌరవనీయులైన మేడమ్ గారికి, నాకు వారానికి ముప్ఫై గంటలు చదువుకి కేటాయించే వీలు లేనందున కోర్సు మానుకోదలిచాను. నాలుగు వాక్యాలు. అక్షరాలు బాగానే కుదిరాయి. శుక్రవారం చొక్కాలు ఇచ్చేసి, ఆ చేత్తోనే ఇదీ ఇచ్చేస్తే సరి అనుకుని కాగితం మీద కత్తెర పెట్టింది.

*

బుధవారం సాయంత్రం నాలుగింటికి రంగులబ్బాయి ఒక ప్యాంటు చంకన పెట్టుకుని దుకాణంలోకి వచ్చాడు.

"ఎల్లుండి అందరి ముందూ మాట్లాడాలి కదా ఆంటీ. ప్యాంటు కాస్త పొడుగైంది. కురచ చేస్తారా?"

"కూర్చో. పది నిమిషాలు."

అతను కోత బల్ల పక్కన ఎత్తుపీట మీద కూర్చున్నాడు. ఆమె ప్యాంటు తిరగేసి, అంచు కుట్టు విప్పి, మడత పెట్టి, గుండుసూదులు గుచ్చింది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు రెండు కాలర్లు తిప్పింది. పెట్టె వేడెక్కింది, మడత నొక్కింది. అది చల్లారేలోపు ఇంకో కాలరు. ఆ కుర్రాడు ఆమె చేతుల్నే చూస్తూ, చూస్తూ, కత్తెర కింద ఉన్న కాగితం వైపు తల తిప్పాడు. చదవకూడదని తెలిసేలోపే చదివేశాడు, నాలుగే వాక్యాలు గదా.

"ఇదేంటి ఆంటీ?"

ఆమె మిషను మీంచి తల ఎత్తలేదు. "మేడమ్ చెప్పింది నిజమే కదా. నాకు ముప్ఫై గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నీలాగా గళ్ళు గీసుకుని చదవడం నాకు చేతకాదులే."

మిషను ఒక కాలి అంచు పూర్తి చేసింది, రెండో కాలు మొదలెట్టింది. ఆ చప్పుడు ఆగాక అతను నెమ్మదిగా అన్నాడు:

"ఆ గళ్ళు అబద్ధం ఆంటీ."

"ఏమిటీ?"

"ముప్ఫై నాలుగు గంటలూ అబద్ధమే. రంగులు వెయ్యడానికి రెండు రోజులు పడుతుంది. వేశాక చూస్తే చాలా బాగుంటుంది, చదివేసినట్టే ఉంటుంది. తర్వాత పుస్తకం తీయాలంటే భయం. ఒక గడి తప్పిపోతే మొత్తం చార్టు పాడైపోయిందనిపిస్తుంది. మళ్ళీ కొత్తది గీస్తా." ప్యాంటు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "నలభై ఇళ్ళ కాగితాలూ నా సంచిలోనే ఉన్నాయి. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. పొడుగమ్మాయేమో అంతా అయిపోయిందనుకుంటోంది. నేనే అలా చెప్పా. మొన్న మేడమ్ మీ కాగితం చదివితే అందరం నవ్వినప్పుడు... మీరు రాసింది ఒక్కటే నిజం, ఆ గదిలో."

గుమ్మం దగ్గరినుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అయితే అసలు నాలుగు వందల ఇరవై వీడన్నమాట."

"అత్తయ్యా, ఊరుకోండి," అంది టైలరమ్మ. కానీ ఆమెకి నవ్వు వచ్చేసింది. సోమవారం నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. కుర్రాడు బిక్కమొహం వేసుకుని చూస్తుంటే జాలి కూడా వేసింది. దారం కొరికి, ప్యాంటు మడిచి అతని ఒళ్ళో పెట్టింది.

"సంచి ఎక్కడుంది?"

"ఇంట్లో."

"రేపు క్లాసుల్లేవు. పొద్దున్న ఎనిమిదింటికి సంచి పట్టుకుని రా. ఆ పొడుగమ్మాయిని కూడా తీసుకురా. నిజం చెప్పి మరీ తీసుకురా."

"ఆంటీ, రేపు ఒక్కరోజులో ఎలా..."

"రంగుల పెన్నులు మాత్రం తేకు."

*

గురువారం ఎనిమిదింటికి ముగ్గురూ కోత బల్ల చుట్టూ నిలబడ్డారు. పొడుగమ్మాయి మూతి బిగించుకుని ఉంది. దారిపొడుగునా అతన్ని దులిపేసినట్టు తెలుస్తూనే ఉంది. సంచిలోంచి కాగితాలు బయటపడ్డాయి. మూలలు నలిగి, ఒకదాని మీద టీ కప్పు అచ్చుతో.

రంగులబ్బాయి పైనున్న కాగితం తీసుకుని మొదటి ప్రశ్న దగ్గరనుంచి మొదలుపెట్టబోయాడు. టైలరమ్మ అతని చేతిలోంచి లాక్కుంది.

"ఇలా ఒక్కో చొక్కా మొదటినుంచి చివరిదాకా కుట్టుకుంటూ పోతే నేను ఈ అరవై ఎప్పటికి ఇస్తాను? ముందు వీధుల వారీగా విడదీయండి, మేం సైజులు విడదీసినట్టు. తర్వాత ఒక ప్రశ్న పట్టుకోండి. ఆ ఒక్కదానికీ నలభై మంది ఏం చెప్పారో చూసేయండి. అది అయ్యాక రెండో ప్రశ్న. అన్ని కాలర్లూ ఒకసారి, అన్ని చేతులూ ఒకసారి."

నాలుగు వీధులు, నాలుగు కట్టలు. పొడుగమ్మాయి గుడ్డపీలికలతో కట్టింది. ఎర్రపీలిక ఒకటో వీధి, తెల్లది రెండో వీధి. రంగులబ్బాయికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు పైకి చదువు," అంది టైలరమ్మ అతనితో. "ఆ అమ్మాయి గీతలు పెడుతుంది. నా చేతులకి పని ఉంది గానీ చెవులకి లేదు."

అలా మొదలైంది. అతను చదువుతున్నాడు, ఆ అమ్మాయి నాలుగు గీతలు పెట్టి అయిదోదానితో అడ్డంగా కొట్టేస్తోంది, మిషను నడుస్తోంది. టైలరమ్మ భుజాలు అతికింది, చేతులు ఎక్కించింది, పక్క కుట్లు వేసింది. మధ్యమధ్య మిషను ఆపి ప్రశ్న వేసేది. "సగటు అంటే మొత్తం కలిపి పంచడమే కదా? మరి ఒక ఇంట్లో పది మంది, ఒక ఇంట్లో ఇద్దరు ఉంటే ఆ సగటు ఎవరికి సరిపోతుంది? రెండు సైజులకీ మధ్య సైజు కుడితే ఇద్దరికీ పట్టదు." రంగులబ్బాయి నోరు తెరిచి, పుస్తకం తెరిచి, వెతికి, ఆమెకి అర్థమయ్యేలా చెప్పాల్సివచ్చేది. మూడుసార్లు అలా చెప్పాక, ఇన్నాళ్ళూ ఆకుపచ్చ గడిలో దాచిపెట్టిన పాఠం తనకి వచ్చేసిందని అతనికే తెలిసింది. ఎత్తుపీట మీద నిటారుగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి టైలరమ్మ పుస్తకం అందుకుంది. ఇద్దరూ ఆమెకి అటూ ఇటూ చేరారు. ఇరవై నిమిషాల్లో ముగ్గురూ కలిసి ఒక అధ్యాయం దాటేశారు. పొడుగమ్మాయి ఆశ్చర్యంగా గడియారం చూసి, "ఇంతసేపేనా పట్టింది?" అంది.

"రోజూ ఇంతే పడుతుంది," అంది టైలరమ్మ. "అన్నం దించేసేయాలి కదా, పక్క చూపులు చూడటానికి వీలుండదు."

భోజనాలయ్యాక మూడో వీధి కట్ట విప్పారు. "నీళ్ళు రోజుకి రెండు గంటలు," అని చదివాడు రంగులబ్బాయి. "నీళ్ళ ఆఫీసువాళ్ళ పట్టికలో కూడా రెండు గంటలనే ఉంది."

"గాలి," అంది అత్తగారు.

"ఏంటి బామ్మగారూ?"

"గంటన్నర గాలి వస్తుంది. బుస్సుమంటుంది. నీళ్ళు వచ్చేది అరగంట. మా చెల్లెలిది ఆ వీధే, నాకు తెలీదా? మీరేం అడిగారు? కుళాయి ఎంతసేపు వదులుతారు అని. బిందె ఎంతసేపట్లో నిండుతుంది అని అడిగారా?"

పొడుగమ్మాయి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "పది ఇళ్ళేగా. పరుగెత్తి అడిగొస్తా." కోర్టులో బంతి వెనక వెళ్ళినట్టే వెళ్ళింది. గంటలోపు తిరిగొచ్చి, రొప్పుతూ, నవ్వుతూ కాగితం బల్ల మీద పరిచింది. పది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళకి ముప్ఫై అయిదు నిమిషాలు దాటి నీళ్ళు లేవు. పదో ఇంటికి సొంత మోటారు ఉంది.

"ఇదే మన నివేదిక," అన్నాడు రంగులబ్బాయి గొంతు తగ్గించి. "కాగితం మీద రెండు గంటలు." ఆ మాట అన్నాక అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

సాయంత్రం ఆరింటికల్లా రాయడం అయిపోయింది. మిగిలిన గుండీలు నలుగురూ పంచుకున్నారు. పొడుగమ్మాయి కుట్టిన మొదటి గుండీని అత్తగారు వేలితో ఒక్కసారి తట్టింది, ఊడి కింద పడింది. రెండోది నిలిచింది. బల్ల సర్దుతూ టైలరమ్మ కత్తెర కింది కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి పీలికల బుట్టలో వేసింది. ఆ చింపిన చప్పుడుకి ముగ్గురూ తలెత్తి, మళ్ళీ గుండీల మీదికి వంగారు.

*

శుక్రవారం తొమ్మిదికి చొక్కాలు బడికి చేరాయి. పదకొండింటికి ముగ్గురూ క్లాసులో నిలబడ్డారు. పొడుగమ్మాయి లెక్కలు చెప్పింది. టైలరమ్మ ఇళ్ళలో ఎవరు ఏమన్నారో చెప్పింది, వాళ్ళ మాటల్లోనే. చెబుతుంటే ఆ మనుషులంతా కళ్ళ ముందుకి వచ్చారు. వెనక బెంచీలు చప్పుడు చెయ్యకుండా విన్నాయి.

మేడమ్ నివేదిక పేజీలు వెనక్కి తిప్పింది. "పట్టికలో రెండు గంటలు, ఇళ్ళలో ముప్ఫై అయిదు నిమిషాలు. ఈ తేడా పట్టుకోవాలని ఎవరికి తోచింది?"

"మా అత్తగారికి మేడమ్," అంది టైలరమ్మ.

క్లాసు నవ్వింది. ఈసారి ఆమెవైపు తిరిగి నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"బాగుంది. చక్కటి ప్రణాళిక ఉంటే పని ఇలా సాగుతుంది," అంటూ మేడమ్ రంగులబ్బాయి వైపు చూసింది. "నీ చార్టు ఈ వారం కూడా తెచ్చావు కదా?"

అతను ముందుకి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. దానిలో రంగుల్లేవు, గళ్ళూ లేవు. మేడమ్ చదివింది. చదివి కళ్ళెత్తింది.

"సోమవారం, మంగళవారం, బుధవారం చదువు లేదు అని రాశావు."

"లేదు మేడమ్. గురువారం తొమ్మిది గంటలు, ఆంటీ దుకాణంలో. అంతకుముందు ఇచ్చిన చార్టులన్నీ అబద్ధాలు." అతను అక్కడితో ఆపలేదు. "మొన్న మీరు ఆవిడ కాగితం చదివినప్పుడు నేనూ నవ్వాను. పక్కన కూర్చుని ఆవిడ పని చూశాక తెలిసింది. ఆవిడ ఇరవై నిమిషాలని రాస్తే ఇరవై నిమిషాలూ చదువుతారు."

టైలరమ్మకి ఎటు చూడాలో తెలియలేదు. మేడమ్ బల్ల మీద ఆ రోజు వచ్చిన కాగితాల కట్ట ఉంది, అరవై మందివీ. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, నాది ఒకసారి వెనక్కి ఇస్తారా? కొన్ని తప్పులున్నాయి."

ఆమె వెనక ఇద్దరు లేచారు. ఆ తర్వాత కిటికీ పక్క బెంచీ మొత్తం లేచింది. అయిదు నిమిషాల్లో బల్ల ముందు గుమ్మందాకా వరస. మేడమ్ ఒక్కొక్కళ్ళ కాగితం వెతికి ఇస్తూ, ఇస్తూ, చివరికి కట్ట మొత్తం వరసలో మొదటి కుర్రాడి చేతిలో పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె పెదవుల మీద కోపం కనిపించలేదు. ఎన్నాళ్ళకో భుజం మీంచి సంచి దించినట్టుగా ఉంది మొహం.

అందరూ వెళ్ళాక మేడమ్ గుమ్మం దగ్గర టైలరమ్మని ఆపింది.

"మీ కాగితం అలా చదవకుండా ఉండాల్సింది."

"చదవడానికేం మేడమ్. వారం జారిపోయిందన్నారు, అదే గుచ్చుకుంది."

"తప్పే. నన్ను క్షమించండి." తర్వాత ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు అంది: "నా బల్ల సొరుగులో మూడు వారాలుగా నూటఎనభై జవాబు పేపర్లున్నాయి. రోజూ ఆదివారం దిద్దుదామనుకుంటాను. ఆదివారాలు వచ్చి వెళ్ళిపోతున్నాయి."

టైలరమ్మ ఆమె మొహంలోకి చూసింది. తన వయసే ఉంటుంది, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ.

"రేపు దుకాణం ఎనిమిదింటికి తెరుస్తాను. కోత బల్ల చివర చోటుంది."

*

శనివారం మేడమ్ రెండు సంచులతో వచ్చింది. అత్తగారు ఆమెని ఎగాదిగా చూసి, మారుమాట లేకుండా తన కుర్చీలోని దిండు తీసి ఎత్తుపీట మీద వేసింది.

"ముందు ఒక ప్రశ్నే దిద్దమ్మా," అంది. "అందరిదీ ఒకటో ప్రశ్న. తర్వాత రెండోది. మా ఇంట్లో పద్ధతి అదే."

పదింటికల్లా నూటఎనభై పేపర్లలోనూ ఒకటో ప్రశ్న అయిపోయింది. మేడమ్ ఎర్రకలం పట్టుకుని వంచిన తల ఎత్తకుండా పని చేస్తోంది. బల్ల రెండో చివర రంగులబ్బాయి, పొడుగమ్మాయి ఒకే పుస్తకం మీదికి తలలు వంచి గుసగుసగా వాదించుకుంటున్నారు. ఎవరూ పిలవకుండానే వచ్చారు వాళ్ళు. టైలరమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. ఆ పూట ఇవ్వాల్సిన కుట్టేదీ లేదు. పుస్తకం తీసి, కిటికీలోంచి ఎండ పడే చోటికి పీట జరుపుకుని, ఒళ్ళో పెట్టుకుంది. చేతులు ఖాళీగా పెట్టుకుని చదవడం ఆమెకి కొత్త. మొదటి పేజీలో వేళ్ళు ఊరికే చీర చెంగుకి మడతలు పెట్టాయి, రెండో పేజీకి నెమ్మదించాయి.

గుమ్మం ముందు ఎవరో ఆగారు. చేతిలో పొట్లం, అందులో గుడ్డ. లోపలికి తొంగి చూడబోతుంటే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"కొలతలు సాయంత్రం తీసుకుంటారమ్మా," అంది గొంతు తగ్గించి. "ఇప్పుడు మా కోడలు ఖాళీగా లేదు. చదువుకుంటోంది."